షామియానా మీదుగా పోయిన రాకెట్

ఫొటోలు తీయడం నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగే మాట ఒకటే. సార్, మీ సర్వీసులో తీసిన బెస్ట్ ఫొటో ఏది అని. ఎండిపోయిన వేరుశనగ చేలో కూలబడిన రైతు ఫొటో ఏదో చూపిస్తానని వాళ్ల ఆశ. అలాంటివి తీశాను, కాదనను. అవి తర్వాత చూద్దురు గాని, ముందు కూర్చోండి, రాకెట్ సంగతి చెబుతాను అంటాను. రాకెట్ అనగానే నన్ను ఎగాదిగా చూస్తారు. బట్టతల, కళ్లద్దాలు, మోకాళ్ల నొప్పులు, ఈయనకూ రాకెట్‌కూ ఏం సంబంధమని. ఉంది, వినండి.

అనంతపురంలో ప్రభుత్వ ప్రచార విభాగంలో ఫొటోగ్రాఫర్‌గా చేసి రిటైరయ్యాను నేను. ప్రచార విభాగంలో ఏముంటుంది, రిబ్బన్లు కత్తిరించడం, శిలాఫలకాల మీద తెర లాగడం, మొక్కలు నాటడం, చెక్కులు పంచడం. అయితే ఈ పనిలో ఒక సుఖం ఉంది, అది బయటివాళ్లకు తెలియదు. ఎంత పెద్ద మనిషైనా మా మాట వినాల్సిందే. కత్తెర రిబ్బన్‌కు ఆనించి, మొహం మా వైపు తిప్పి, పళ్లు కనపడేలా నవ్వుతూ అలాగే నిలబడతాడు. నేను తల ఊపితేనే రిబ్బన్ తెగుతుంది. సరిగ్గా పడకపోతే "సార్, ఇంకొక్కటి" అంటాను. తెగిన రిబ్బన్‌ను అటొకరు ఇటొకరు దగ్గరికి లాగి పట్టుకుంటారు, ఆయన మళ్లీ కత్తిరిస్తాడు. నాటిన మొక్కను పెరికించి మళ్లీ నాటించిన రోజులూ ఉన్నాయి. మొక్క ఏమనుకుందో మరి. అలా నా సర్వీసంతా లోకం నా క్లిక్కు కోసం ఆగుతూనే వచ్చింది. నన్ను చెడగొట్టింది అదే.

రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో మా ఆఫీసరు మేడం పిలిచి ఒక పని చెప్పింది. రాయదుర్గం దారిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పిల్లలు చిన్న రాకెట్లు తయారు చేసి ఎగరేస్తున్నారట. ఒక పెద్దాయన ముఖ్య అతిథిగా వచ్చి బటన్ నొక్కుతాడు. ఫొటోలు బాగా రావాలి, ముందే ఒకసారి వెళ్లి ఆ వ్యవహారం ఏమిటో చూసి రమ్మంది.

మా ఆఫీసు జీపు డ్రైవరుకు ఈ మాట చెబితే పెదవి విరిచాడు. వాడిది గుత్తి. నాతో పాటే ఆఫీసులో ముదిరిపోయిన మనిషి. నేను ఫొటో తీసిన ప్రతిసారీ నా వెనకాల నిలబడి వంక పెట్టడం వాడి అలవాటు.

"రాకెట్లేందన్నా, దీపావళి ఎప్పుడో అయిపోయ గదా."

"ఇవి చదువుకున్న రాకెట్లప్పా. పద."

కాలేజీ వెనకాల ఎర్రటి బీడు. గులకరాళ్లు, ముళ్లకంపలు, అక్కడక్కడా ఏనుగులంత నల్లటి రాతిగుండ్లు. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఆ బీడు మధ్యలో ఒక సన్నటి ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని చుట్టూ ఐదారుగురు పిల్లలు గొంతుక్కూర్చున్నారు. అందరికీ పెద్ద ఒక అమ్మాయి. చివరి ఏడాది చదువుతోంది. జడను టోపీలోకి దోపుకుంది, వేళ్ల మీద గమ్ము ఎండి తెల్లగా పొలుసులు కట్టింది. గొంతు మాత్రం సంతలో అమ్మేవాళ్ల గొంతు. వాళ్లది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు.

రాకెట్ చేతిలో పెట్టి చూపించింది. మోచెయ్యంత అట్టగొట్టం, కింద మూడు రెక్కలు, పైన మొనదేలిన టోపీ. అడుగున మందు కూరిన చిన్న గొట్టం ఒకటి దూరుస్తారు, దాన్ని వాళ్లు మోటారు అంటారు. దూరాన నిలబడి బటన్ నొక్కితే వైరు వేడెక్కి మందు అంటుకుంటుంది, రాకెట్ కడ్డీ వెంట జారి లేస్తుంది. పైకి పోయి వేగం చచ్చిపోయాక లోపల మిగిలిన రవ్వంత మందు టప్పున పేలి టోపీని ఊడదోస్తుంది. అందులోంచి పారాచూట్ బయటికి రావాలి. రాకెట్ నెమ్మదిగా దిగాలి.

"దిగల్ల సార్, కానీ దిగలా" అంది అమ్మాయి. "ఇంతకు ముందు రెండు ఎగరేసినాం. పైకైతే బాగా పోయినాయి. పైన పారాచూట్ ఇచ్చుకోక, ముడుచుకున్నది ముడుచుకున్నట్లే ఉండి, రాయి పడినట్ల పడినాయి. పెద్ద పోటీ ఒకటి ఉండాది సార్ మాకు, దేశంలోని కాలేజీలన్నీ వస్తాయి. దానికి పిలవల్లంటే పారాచూట్ పూర్తిగా ఇచ్చుకున్న ఫొటో పంపల్ల. నోటితో చెప్తే నమ్మరు. ఇంక రెండే మోటార్లు మిగిలుండాయి మా దగ్గర."

పారాచూట్ కూడా చూపించింది. కుంకుమ రంగు పట్టు. జరీ లేదు, అంచు లేదు, ఊదితే లేచేంత పలచన.

"మా నాయన నేసిచ్చినాడు సార్, దీనికోసమనే. మా లెక్చరర్ సారేమో పట్టు వద్దు, బజార్లో దొరికే ప్లాస్టిక్ గుడ్డ పెట్టుమంటాండాడు. తప్పు నా మడతది సార్. గుడ్డది కాదు. ఇప్పుడు మడత మార్చినా. ఈసారి ఇచ్చుకుంటాది, మీరు చూడండి."

అక్కడే నిలబడి ఉన్న లెక్చరర్ చిన్నగా నవ్వాడు. మంచివాడే. రెండు రాకెట్లు నేలపాలైతే ఎవరైనా ఆ మాటే అంటారు.

నాకు చూపించడానికని, ఆ పెద్ద మోటారు అక్కర్లేని ఒక చిట్టి రాకెట్ కడ్డీకి తొడిగారు. నేను ముక్కాలి స్టాండు వేసి, కెమెరా బిగించి, కడ్డీని ఫ్రేము మధ్యలో పెట్టి, సర్వీసంతా అన్నట్టే అన్నాను. "నేను తల ఊపినాక నొక్కమ్మా." తల ఊపాను. సుయ్‌మని ఒక శబ్దం. బట్ట బర్రున చింపితే వచ్చే శబ్దం లాంటిది, కానీ కడుపులో తగిలింది. నేనూ క్లిక్కు నొక్కాను. చూసుకుంటే ఫొటోలో కడ్డీ ఉంది, పొగ ఉంది, రాకెట్ లేదు. తలెత్తితే ఆకాశంలోనూ కనపడలేదు. అంతలోనే దూరాన కంపల్లో ఎక్కడో పడింది.

"ఇంకొక్కటి" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆ అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. "అది పోయింది సార్. వెనక్కి పిలిస్తే రాదు."

నా గుండె దడదడ కొట్టుకుంటూనే ఉంది. నిజం చెబుతున్నాను, నా పెళ్లి రోజు కూడా అంత సంబరం కలగలేదు. నా కోసం ఆగనిదాన్ని మొదటిసారి చూశాను మరి. తిరిగొచ్చేటప్పుడు దారంతా నేను దాని గురించే మాట్లాడుతుంటే డ్రైవరు రెండు మూడు సార్లు నా మొహంలోకి చూశాడు.

"ఏమన్నా, జ్వరం గిరం తగిలిందా నీకు?"

తగిలింది. ఆ జ్వరంలోనే సాధన మొదలైంది. వాడి చుట్టాల అంగడిలో దీపావళికి అమ్ముడుపోక మిగిలిన తారాజువ్వలు తెచ్చాడు. ఊరి బయట ఖాళీ జాగాలో, పట్టపగలు, ఖాళీ సీసాలో జువ్వ నిలబెట్టి వాడు అంటించి పరుగెత్తేవాడు. నేను పెద్ద లెన్సుతో దాని వెంట పడేవాణ్ని. ఫొటోలో వాడి వీపు పడింది. సీసా పడింది. ఒక కాకి బ్రహ్మాండంగా పడింది. కరెంటు తీగలు ఎన్నిసార్లు పడ్డాయో లెక్కలేదు. జువ్వ తప్ప అన్నీ పడ్డాయి. "కాకి ఫొటో బాగుండాదన్నా, ఫ్రేము కట్టించు" అని వాడి సలహా.

చివరికి సిగ్గు విడిచి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"సార్, దాని ఎంబడి పోతే మీకు దొరకదు. అది పైకి పోయి యాడ ఆగుతాదో, ముందే ఆడ ఉండల్ల మీరు. ఆడ టోపీ ఊడి పొగ కనపడతాది, అప్పుడు పట్టుకోండి. ఇంకోటి, మీరు ఎడమ కన్ను మూస్తాండారు, నేను చూసినా. మూయొద్దు. ఒక కన్ను లెన్సులో, ఒక కన్ను ఆకాశంలో."

సర్వీసంతా మూసిన కన్ను, తెరవమంటే తెరుచుకుంటుందా. ఇంట్లో అద్దం ముందు నిలబడి, ఖాళీ కెమెరా కుడికంటికి ఆనించి, ఎడమ కన్ను తెరిచి ఉంచడం అభ్యాసం చేశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమైంది, కంట్లో ఏమన్నా పడిందా?" అంది. ఏమీ పడలేదన్నాను. కొన్నాళ్లు పోయాక రెండో కన్ను దారికొచ్చింది. ఒకనాడు జువ్వ పైకిపోయి పగిలిన చోట తెల్లటి పొగ, ఫ్రేము మధ్యలో, గుండ్రంగా పడింది. నేనూ డ్రైవరూ ఆ ఖాళీ జాగా నడిమధ్యన చేతులు పట్టుకుని గెంతాం. ఇద్దరికీ బట్టతలలే.

ఇక ఆ రోజు వచ్చింది.

పొద్దున్నే వెళ్లి ఆ అమ్మాయీ నేనూ చోటు చూసుకున్నాం. కడ్డీకి బాగా ఎడంగా ఒక నల్లటి గుండు ఉంది. దాని మీద నిలబడితే ఎండ వీపున పడుతుంది, ఆకాశమంతా కళ్లముందు ఉంటుంది. "ఈ గుండు దిగొద్దు సార్ మీరు, ఏం జరిగినా" అంది. దిగనన్నాను. వాళ్ల నాయన కూడా ధర్మవరం నుంచి బస్సులో వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. నాకు చేతులు జోడించి ఒకటే మాట అన్నాడు. "గుడ్డ బాగా కనపడల్ల సార్."

కాలేజీవాళ్లు పెద్ద షామియానా వేశారు. దాని పక్కనే ముఖ్య అతిథి నిలువెత్తు ఫ్లెక్సీ. వేదిక మీద బల్ల, బల్ల మీద పూలదండ వేసిన బటన్ పెట్టె. పెద్దాయన రావలసిన వేళకు రాలేదు, పెద్దవాళ్లు ఎప్పుడొచ్చారు గనక. ఎండ ఎక్కింది, గాలి లేచింది. చివరికి కార్లు వచ్చాయి, దుమ్ము లేచింది, ఉపన్యాసాలు అయ్యాయి. నేను గుండు మీద నిలబడే ఉన్నాను. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. మైకులో అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది. పెద్దాయన వేలు బటన్ మీద పెట్టాడు.

పెట్టి, ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. మైకులో ఆయన గొంతు వినపడింది.

"ఫొటోగ్రాఫర్ యాడప్పా?"

అంతే. నా కాళ్లు వాటంతటవే గుండు దిగేశాయి. ఆ అమ్మాయి మాట, తారాజువ్వలు, రెండో కన్ను, అన్నీ ఎటుపోయాయో. మోకాళ్ల నొప్పి కూడా గుర్తు రాలేదు. పరుగెత్తుకుంటూ షామియానా కింద దూరి, ఆయన ముందు ఒంటి మోకాలి మీద కూర్చున్నాను.

"సార్, ఇటు చూడండి. రోంత నవ్వండి సార్."

నవ్వాడు. క్లిక్కుమంది. నొక్కాడు. సుయ్‌మంది.

షామియానా కింద ఉన్న వాళ్లమందరం ఒక్కసారిగా తలలు పైకెత్తాం. పైన షామియానా ఉంది. ఎరుపు పట్టీ, నీలం పట్టీ, మళ్లీ ఎరుపు పట్టీ. నేను ఆ పట్టీలను కూడా రెండు మూడు ఫొటోలు తీశానంటే నమ్ముతారా. బయటి నుంచి పిల్లల కేకలు, చప్పట్లు. నేను జనంలోంచి దారి చేసుకుని బయటపడేసరికి అంతా అయిపోయింది. రాకెట్ ముళ్లకంపల్లో దిగింది, పిల్లలు దాని వైపు ఉరుకుతున్నారు. వెనక నుంచి పెద్దాయన, "వచ్చిందా, ఇంకోసారి నొక్కల్నా?" అని అడిగి, ఎందుకైనా మంచిదని చచ్చిన బటన్‌ను మరోసారి నొక్కి నా వైపు నవ్వాడు. అదీ తీశాను.

అమ్మాయి రొప్పుతూ వచ్చింది. ఒక చేతిలో రాకెట్, ఇంకో చేతిలో పారాచూట్. మొహం వెలిగిపోతోంది.

"ఇచ్చుకుండాది సార్, బ్రహ్మాండంగా ఇచ్చుకుండాది. పడిందా మీకు?"

కెమెరా చూపించాను. తెరమీద పెద్దాయన నవ్వు. తర్వాతిది తిప్పింది, పట్టీలు. ఇంకోటి తిప్పింది, పట్టీలు.

"రాకెట్ యాడ సార్?"

వేదిక దగ్గరి వాళ్ల ఫోన్లన్నీ పెద్దాయన వైపే తిరిగి ఉన్నాయి. బయటి పిల్లలు ఒకరిద్దరు ఆకాశం వైపు పట్టారు గానీ, చూస్తే నీలంలో చీమంత చుక్క. అది రాకెట్టో గద్దో ఎవరూ చెప్పలేరు. ఆ అమ్మాయి టోపీ తీసి దాంతోనే కళ్లు తుడుచుకుంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఏడ్చింది.

దాని మీద ఇంకోటి. పారాచూట్ పట్టు ఒకపక్క జానెడు చిరిగి ఉంది. కంపల్లో పడినప్పుడు ముళ్లకు తగిలి చిరిగిందని అమ్మాయి అంది. పైనే చిరిగిందేమో, పట్టు కదా అని లెక్చరర్ అన్నాడు. అమ్మాయి నాయన ఆ చిరుగును వేళ్లతో తడిమి చూశాడు, భుజాన ఉన్న సంచి మూతి మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. ఆయనకూ రాకెట్ కనపడలేదట, ఆ నిలువెత్తు ఫ్లెక్సీ వెనకాల ఇరుక్కుపోయాడట. గుడ్డ నేసినవాడూ చూడలేదు, ఫొటో తీయాల్సినవాడూ చూడలేదు. మిగతా జనమంతా చూశారు.

ఇంకొక మోటారు మిగిలి ఉంది. ఇంకొక పట్టుగుడ్డ కూడా ఉంది. కానీ గాలి ఎక్కువైంది, గుట్టల మీద గాలిమరలు గిర్రున తిరుగుతున్నాయి. సాయంత్రం గాలి తగ్గితే చూద్దాం, తగ్గకపోతే లేదు అన్నాడు లెక్చరర్. ఇంతలో పెద్దాయన కార్లు బయల్దేరాయి. ఇంకో ఊళ్లో మొక్కలు నాటే కార్యక్రమం. ఆయన వెంటే వెళ్లాలి నేను. అది నా డ్యూటీ. మేడం ఫోన్ చేసి, బయల్దేరారా అని అప్పటికే అడిగింది.

డ్రైవరు జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏమన్నా, పోదామా?"

నేను షామియానా నీడలో కూర్చున్న ఆ అమ్మాయి వైపు చూశాను. విరిగిన రెక్కకు గమ్ము పూస్తోంది.

"బండి స్టార్టయితాదా?" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. ఆ అమ్మాయి వైపు చూశాడు. బానెట్ ఎత్తి, లోపలికి వంగి, ఒక వైరు పీకి జేబులో వేసుకున్నాడు.

"కాదన్నా" అన్నాడు నింపాదిగా. "మొరాయించింది."

మేడంకు ఆ మాటే చెప్పాను. "సరిగ్గా ఈ రోజే మొరాయించాలా" అని ఆమె విసుక్కుంది. తర్వాత తెలిసింది, ఆ ఊళ్లో ఎవరో ఫోన్‌తో ఫొటో తీశారట, మొక్కను ఒక్కసారే నాటారట. ఆ మొక్క అదృష్టవంతురాలు.

ఇక మేం ఎదురుచూశాం. కాలేజీ పిల్లల డబ్బాల్లోంచి తలా రెండు ముద్దలు తిన్నాం. అమ్మాయి నాయన మాత్రం తినలేదు, ఆకలి లేదన్నాడు. అమ్మాయి కొత్త గుడ్డను దుప్పటి మడిచినట్టు నేల మీద పరిచి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, అంటుకోకుండా మడత పెట్టింది. మళ్లీ విప్పింది. మళ్లీ మడిచింది. నేను కెమెరా తుడిచిందే తుడిచాను. డ్రైవరు మధ్యమధ్య లేచి గాలిమరల వైపు చూసి, "ఇంగా తిరుగుతాండాయి" అని వచ్చి కూర్చునేవాడు.

పొద్దు వాలుతుండగా గాలి పడిపోయింది. మరలు ఒళ్లు విరుచుకుంటున్నట్టు ఒక్కో రెక్కే తిప్పుతున్నాయి. లెక్చరర్ వేలు తడిపి పైకెత్తి చూసి, "సరే కానీండి" అన్నాడు. పొద్దుటి గుండు ఇప్పుడు పనికిరాదు, ఎండ కంట్లో కొడుతుంది. పడమటి వైపు ఇంకో గుండు, దాని కంటే ఎత్తు, నేను దాని మీదికి పాకాను. డ్రైవరు కూడా ఎక్కి, వెనకనుంచి నా బెల్టు పట్టుకున్నాడు.

"ఎందుకప్పా?"

"నువ్వు మెడ వెనక్కి వంచితే పడతావన్నా. ఆ రోజు జువ్వకే పడబోయినావు. నేను పట్టుకుంటా, నువ్వు చూడు."

జనం లేరు, మైకు లేదు. షామియానావాళ్లు గుంజలు పీకుతున్నారు. బటన్ ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. నన్ను అడగలేదు, నా తల వైపు చూడలేదు. గొంతెత్తి తనే లెక్కపెట్టింది. నేను కెమెరాను కడ్డీ మీద పెట్టలేదు, పైన ఖాళీ నీలంలో పెట్టాను. రెండు కళ్లూ తెరిచాను. ఈసారి తప్పితే ఇంకొక్కటి లేదు.

సుయ్.

ఎడమ కంటికి పొగ గీత కనపడింది, నిటారుగా, ఎవరో సుద్దతో గీసినట్టు. దాని వెంట పోవాలని చేతులు గుంజుతున్నాయి. పోనివ్వలేదు. గీత సన్నబడింది, వంగింది, ఆగింది. అక్కడికి లెన్సు తిప్పాను. ఏమీ లేదు. ఒట్టి నీలం. నా ప్రాణం జారిపోయింది. రవ్వంత కుడికి జరిపాను, అదిగో, టప్పున తెల్లటి పొగ, ఫ్రేములో. క్లిక్కు నొక్కి పట్టాను, వదల్లేదు. టోపీ ఊడింది. ఎర్రటిది ఒకటి బయటికొచ్చింది. కానీ విచ్చుకోలేదు. తడిపి పిండిన గుడ్డలా పొడుగ్గా వేలాడుతూ రాకెట్ వెంట కిందికి జారుతోంది. ఇచ్చుకో, ఇచ్చుకో అని నేను పైకే అంటున్నాను. వెనక బెల్టు పట్టుకున్నవాడూ అదే అంటున్నాడు. ఆ గుడ్డ ఒక చివర వణికింది. లోపలికి గాలి దూరింది. దూరి, ఒక్క ఊపున, కుంకుమ రంగు పువ్వులా ఇచ్చుకుంది.

నేను అరిచానట. ఏమని అరిచానో నాకు తెలియదు, డ్రైవరు ఇప్పటికీ చెప్పడు. కింద పిల్లలు కేకలు పెడుతూ పారాచూట్ పోయే దిక్కుకు పరుగు తీశారు. అమ్మాయి అందరికంటే ముందు ఉంది. లెక్చరర్ కూడా పరుగెత్తుతున్నాడు, చెప్పులు ఎక్కడో వదిలేశాడు. నాకు కెమెరా తెర చూసుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆ ఫొటోలతోనే వాళ్ల కాలేజీ ఆ పోటీకి పోయింది. ఎన్నో స్థానం వచ్చిందో అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది గానీ, ఆ సంబరంలో నేను సరిగ్గా వినలేదు. మొదటిది మాత్రం కాదు. అది అలా ఉంచండి. నేను మీకు చెప్పాలనుకున్నది ఆ గుండు మీద జరిగింది.

డ్రైవరు జీపు వైరు మళ్లీ తగిలించడానికి దిగిపోయాడు. అమ్మాయి నాయన రాకెట్ వైపు పోలేదు. గుండు ఎక్కి నా దగ్గరికి వచ్చాడు, చేతులతో పట్టుకుంటూ, ఆయాసపడుతూ.

"పడిందా సార్?"

"చూద్దాం రా అన్నా."

పడమటి ఎండ తెరమీద కొడుతోంది, ఏమీ కనపడటం లేదు. చెయ్యి అడ్డం పెట్టాను, చాలలేదు. ఆయన భుజాన ఉన్న సంచిలోంచి నల్లటి గుడ్డ ఒకటి తీసి మా ఇద్దరి తలల మీదా కప్పాడు. ఆ చీకట్లో తెర వెలిగింది. ఒక్కొక్కటే తిప్పాను. టోపీ ఊడింది, ఎర్రటి పేలిక, సగం తెరుచుకున్నది. తర్వాత నిండుగా, అంచులన్నీ బిగదన్ని, దారాలన్నీ తిన్నగా నిలిచి, పారాచూట్.

"పెద్దది చేయండి సార్."

చేశాను.

"ఇంగా పెద్దది. దారాలు కట్టిన కాడ."

ఆయన మొహం తెరకు ఆనినంత దగ్గరగా పెట్టి, అంచు చుట్టూ చూసుకుంటూ పోయాడు. పోగు పోగూ చూశాడు. నాకు ఆయన ఊపిరి వినపడుతోంది.

"చిరగలేదు" అన్నాడు. మళ్లీ అన్నాడు, "చిరగలేదు సార్."

అప్పుడు ఆ నల్లగుడ్డ తీసి మడవబోతుంటే దాని వైపు చూశాను. గుండ్రటి గుడ్డ, అంచున మూలలు, మూలమూలకూ చిన్న రంధ్రం, నడిమధ్యలో ఒక బెజ్జం.

"ఇదేందన్నా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "గొడుగు గుడ్డ సార్. కొత్త గొడుగు తెచ్చి కమ్ములు పీకినా. ఈ కరువు సీమలో వానే లేదే, గొడుగేందప్పా అని అంగడాయన కూడా నవ్వినాడు. ఆ రెండు రాకెట్లూ పడినప్పుడు నాకు ఒకటే ఆలోచన సార్, నా గుడ్డే మోసం చేసిందేమోనని. పాపకు చెప్పలేకపోతి. ఈ రోజూ పడితే, మన పట్టు వద్దులే తల్లీ, ఇది పెట్టుకో అని ఇద్దామని తెచ్చుకుంటి. పొద్దున ఆ చిరుగు చూసినప్పుడే ఇయ్యబోతి. చెయ్యి రాలేదు."

నేను ఆ గుడ్డ రెండో అంచు పట్టుకుని మడవబోయాను.

కిందనుంచి అమ్మాయి కేక వినపడింది. రాకెట్‌ను రెండు చేతులతో తల మీద ఎత్తుకుని వస్తోంది, పారాచూట్ మెడ చుట్టూ వేసుకుంది. ఆయన గబగబా గొడుగు గుడ్డను ఉండ చుట్టి సంచి అడుక్కి కుక్కాడు. "చెప్పొద్దు సార్" అన్నాడు. సంచి మూతి ముడేశాడు, చొక్కా సర్దుకున్నాడు, లేచి నిలబడ్డాడు.

అమ్మాయి గుండు కిందికి వచ్చి, ఊపిరాడక, మా ఇద్దరి వైపూ చూసింది.

"ఏమ్మా" అన్నాడు వాళ్ల నాయన, నడుం మీద చేతులు పెట్టుకుని. "నేను చెప్పలా, మన గుడ్డకు ఏం కాదని?"